బుడ్డ కార్లు పరుగెత్తిన ఒక్క చలికాలం

మొన్న వీడియో కాల్‌లో మీరిద్దరూ అడిగారు కదా బంగారూ, తాత పక్కన ఉన్న ఆ బొమ్మ కారు ఎవరిదని. మీ అమ్మ ఫోన్ లాక్కుని మాట మార్చేసింది. పిల్లలకు చెప్పే సంగతి కాదట. నేను చెబుతాను. నాకు గొంతు పెంచడం చేతకాదు, కాస్త దగ్గరికి జరిగి వినండి.

అది బొమ్మ కాదు నాన్నా. మనిషి పట్టే కారే. ఒక్క మనిషి, అదీ మోకాళ్లు గడ్డం దగ్గరికి ముడుచుకుంటేనే. మోటారు సైకిల్ ఇంజను, నాలుగు లావుపాటి చక్రాలు, డ్రైవరు చుట్టూ పైపులతో కట్టిన పంజరం. గేర్లు లేవు, తాళంచెవి లేదు. వెనక నుంచి నలుగురు తోసుకుంటూ పరుగెత్తితేనే అంటుకునేది. మన యార్డు వాళ్లు దాన్ని బుడ్డ కారు అనేవాళ్లు.

తాత ఇక్కడ జుబైల్‌లో పైపుల యార్డుకు ఫోర్‌మన్ అని మీకు తెలుసు. ప్లాంట్లకు కావలసిన పైపులు కోసి, అతికించి, పరీక్ష చేసి పంపుతారు. యార్డు యజమాని సౌదీ పెద్దాయన. ఆయన చిన్న కొడుకును అందరూ చిన్న ముదీర్, అంటే చిన్న మేనేజరు, అనేవాళ్లు. ఆ అబ్బాయి ఏదో దేశంలో ఈ చిన్న కార్ల పందేలు జరుగుతుంటే ఫోన్లో చూశాడు. చూసినవాడు ఊరుకోలేదు. పక్క యార్డుల వాళ్లకు కబురు పెట్టాడు, మీరూ తలా ఒకటి చేయండి, పందెం పెడదాం అని. నియమాలు కూడా తనే చెప్పాడు. కారు ఎత్తు నిలబడ్డ మనిషి బొడ్డు దాటకూడదు. ఇంజను, చక్రాలు తప్ప కొన్నది ఏదీ ఉండకూడదు, మిగిలినదంతా యార్డులో పడి ఉన్న ముక్కలతోనే చేయాలి. కారూ డ్రైవరూ కలిపి ఒక బరువు చెప్పాడు, అది దాటితే పందెంలోకి రానివ్వరు.

యార్డు వెనక ఉప్పునేలను ట్యాంకరు నీళ్లతో తడిపి, రోలరుతో తొక్కించి గుండ్రంగా బాట చేశారు. అంచున కాంక్రీటు దిమ్మెలు పేర్చారు. శుక్రవారం నమాజు అయ్యాక మొదలయ్యేది. కూలీల క్యాంపుల నుంచి మగవాళ్లు బస్సుల్లో వచ్చేవాళ్లు. నాలాంటి ఆడవాళ్లం బండ్లలోనే కూర్చుని అద్దాలు దించి చూసేవాళ్లం. చలి మొదలైనప్పుడు మొదలైన ఆట, రంజాను రాకముందే అయిపోయింది. అంతే దాని ఆయుష్షు.

మన కారు నడిపింది నా చెల్లెలి కొడుకు. మీకు మేనమామ వరస. మీరు చూడలేదు. పొట్టిగా, పుల్లలా ఉండేవాడు. జగిత్యాల నుంచి హెల్పరుగా వచ్చాడు. అతని ఇకామాలో, ఇక్కడ ఉండటానికి ఇచ్చే కార్డులో, ఆమిల్ అని ఉండేది, అంటే కూలీ. ఆ మాట ఉన్నంతకాలం భార్యను ఇక్కడికి పిలిపించుకోవడం కుదరదు. పెళ్లయిన నెలకే వచ్చేశాడు పాపం. భార్య మొహం ఫోన్లో చూడటమే. చిన్న ముదీర్ అతని భుజం మీద చెయ్యేసి, వచ్చీరాని హిందీలో అందరి ముందే చెప్పాడు: "ఆఖరి పందెం గెలువు. నీ ఇకామాలో మెకానిక్ అని మార్పిస్తా. నీ భార్యను తెచ్చుకో." ఆ రోజు నుంచి అతనికి వేరే ధ్యాస లేదు.

పంజరం కట్టింది మీ తాత. ప్లాంటులో గ్యాసు పోయే మందం పైపు తెచ్చి వేశాడు. ఆ మందం ఎందుకని ఎవరూ అడగలేదు, మన వాళ్లకు తెలిసిన పని అదే మరి. అతుకు వదిలితే ప్లాంటు పేలుతుంది, మనుషులు పోతారు. ముప్పై ఏళ్లుగా నేర్చుకున్నది అది. పంజరం కట్టాక దాని పైపుల్లో నీళ్లు నింపి, ప్రెషరు ఎక్కించి, ఒక పగలంతా ఉంచారు. ఎక్కడా చుక్క కారలేదు. కారు పంజరాన్ని అట్లా పరీక్షించిన వాళ్లు లోకంలో ఇంకెవరూ ఉండరు.

ఆ పైపుతో బరువు పెరిగింది. కారు బరువు పెరిగితే డ్రైవరు బరువు తగ్గాలి. పెద్ద పైపులను తూచే కొక్కానికి మీ మామయ్యను బెల్టుతో వేలాడదీసి తూచేవాళ్లు. నేను క్యారియర్ ఇవ్వడానికి వెళ్లిన రోజు గాలిలో గిరగిరా తిరుగుతున్నాడు.

"ఎత్తుర్రి, ఇంకింత ఎత్తుర్రి! మనిషా, మేకపిల్లనా?"

"మేకైతే కోస్కొని తిందుము గదరా. వీనిల బొక్కలు తప్ప ఏమున్నయి?"

"దింపుర్రి అన్నా, ఉచ్చ వస్తున్నది," అని అతనూ నవ్వుతున్నాడు.

మీ తాత త్రాసు చూసి పెదవి విరిచాడు. "ఇంక ఎక్కువనే ఉన్నవురా. పందెం దాంక బువ్వ బంద్."

"పెద్దబాపూ, పైపు జర సన్నది ఏస్తే సరిపోతది గద?"

"సన్న పైపు ఏస్తే నా పనికి పేరు పోతది. నువ్వే సన్నగ గావాలె."

అలాగే అయింది. మెస్‌లో అతని ముందు చేపల పులుసు పెట్టి, వాసన చూడనిచ్చి, గిన్నె పక్కకు లాగేవాళ్లట. ఆట అది వాళ్లకు. బుగ్గలు లోపలికి పోయాయి. గురువారం మా ఇంటికి వస్తే అన్నం కలిపి ముందు పెట్టాను.

"వద్దు పెద్దమ్మా. మజ్జిగ ఇయ్యి. గిలాస నిండ పొయ్యకు."

గోడకు ఆనుకుని భార్యకు ఫోన్ చేశాడు. "రేపు గెలుస్తున్న. బట్టలు సదురుకో."

"గెల్వురి ముందు," అంది ఆ పిల్ల. "సదురుడెంత సేపు? ఉన్నయే నాలుగు చీరలు. మీకు ఒంట్ల బాగలేదా, మొకమేంది గట్లయింది?"

"కెమెరా మంచిగ లేదు," అన్నాడు.

ఆ శుక్రవారం గాలి లేదు. మన కారుకు పోటీ పక్క యార్డు వాళ్లది. దాన్ని ఫిలిప్పీన్స్ అతను నడిపేవాడు. వాళ్లు కంచెకు వాడే సన్న గొట్టాలతో పంజరం కట్టారు. చేత్తో నొక్కితే వంగేలా ఉందని మన వాళ్లు పడీ పడీ నవ్వారు. అప్పడం కారు అని పేరు పెట్టారు. మీ మామయ్యను కారులో కూర్చోబెట్టి, సామాను ఎత్తే బెల్టుతో బిగించి కట్టారు. నలుగురు తోసుకుంటూ పరుగెత్తారు. ఇంజను అంటుకుంది.

మొదటి నుంచీ అతనే ముందు. బురద ఎగజిమ్ముతూ, కారు అడ్డంగా జారుతూ దూసుకుపోయింది. చివరి చుట్టులో కూడా ముందే ఉన్నాడు. మలుపులో వెనక కారు ముందు చక్రం వచ్చి మన కారు వెనక చక్రం మీదికి ఎక్కింది. రెండూ గాల్లోకి లేచి కాంక్రీటు దిమ్మెలకు కొట్టుకున్నాయి.

అందరూ పరుగెత్తారు. నేనూ బండి దిగి పరుగెత్తాను. అప్పడం కారు నిజంగా అప్పడంలాగే నలిగి ముద్దయింది. దాని కింద నుంచి ఫిలిప్పీన్స్ అతను పాక్కుంటూ బయటికొచ్చి, నేల మీద కూర్చుని సిగరెట్ అడిగాడు. మన కారు దిమ్మెకు ఆనుకుని నిలబడే ఉంది. సొట్ట లేదు. మీ తాత వంగి అతుకుల మీద చెయ్యి పెట్టి నిమిరాడు. ఒక్కొక్క అతుకూ నిమిరాడు.

"ఒక్క క్రాక్ లేదురా! సూడుర్రి! ఎక్కడన్న ఒక్కటి సూపియ్యిర్రి!"

ఎవరో చప్పట్లు కొట్టారు. ఎవరో ఈల వేశారు. పంజరంలో మీ మామయ్య కళ్లు తెరుచుకునే కూర్చున్నాడు.

"పెద్దబాపూ, నా కాళ్లు ఏడున్నయి?"

"కారుల్నే ఉన్నయిరా, యాడికి పోతయి? దిగు," అన్నాడు మీ తాత. అందరూ నవ్వారు. అతను దిగలేదు. నవ్వులు ఒకటొకటిగా ఆగాయి.

వంగని పైపు ఆ దెబ్బనంతా లోపలి మనిషికి ఇచ్చింది. నడుము దగ్గర వెన్ను విరిగింది. కాళ్లు ఇక రావని డాక్టరు చెప్పాడు.

చిన్న ముదీర్ ఖర్జూరాల డబ్బా పట్టుకుని ఆస్పత్రికి వచ్చాడు. తన ఫోన్ అతని మొహం ముందు పెట్టి చూపించాడు. ఇకామాలో కూలీ పోయి మెకానిక్ అని పడింది. పందెం పూర్తి కాకపోయినా మాట నిలబెట్టుకున్నాడని క్యాంపంతా మెచ్చుకుంది. ఎంత మంచి మనసు, ఎంత మంచి మనసు అని. భార్యకు విజిట్ వీసా కూడా తీయించాడు. ఆ వారంలోనే అతనికి ఫైనల్ ఎగ్జిట్ కూడా వేయించాడు, అంటే రెండు నెలల్లో ఈ దేశం వదిలి పూర్తిగా వెళ్లిపోవాలని. నిలబడలేని మెకానిక్‌తో యార్డుకు ఏం పని? "ఖలాస్, ఇంటికెళ్లి రెస్ట్ తీసుకో," అని దుప్పటి మీద తట్టి వెళ్లాడు. ఆ తట్టింది కాలి మీదేనని మీ మామయ్యకు తెలియలేదు.

పెద్దాయన పందేలు ఆపేయించాడు. పక్క యార్డుల వాళ్లు తమ కార్లను కోసి తుక్కులో వేశారు. బాట మీద పైపులు పేర్చారు. చిన్న ముదీర్ డేగలు కొనుక్కుని వాటి వెంట పడ్డాడు. మన కారును మాత్రం కోయలేదు. రంగు వేసి గేటు దగ్గర దిమ్మె మీద ఎక్కించారు. ప్లాంట్ల నుంచి పెద్ద మనుషులు వస్తే చూపించి, ఇంత దెబ్బకు కూడా మా అతుకు వదల్లేదని చెప్పేవాళ్లు. ఆర్డర్లు కూడా బాగానే వచ్చాయి.

ఆ పిల్ల దిగింది. నాలుగు చీరలూ తెచ్చుకుంది. వాటిలో ఒకటి మడత విప్పనిది, ఇక్కడ కట్టుకుందామని దాచుకున్నది. ఆస్పత్రిలో మొగుణ్ణి చూసి ఏడవలేదు. అతనే ఏడ్చాడు. "దీన్ని సముద్రం కాడికి తీస్కపో పెద్దమ్మా. నేనే సూపెడ్దామనుకున్న," అన్నాడు.

"సముద్రం యాడికి పోదు," అంది ఆమె. "ముందుగాల ఆ కారు సూపియ్యి పెద్దత్తా."

తాత బండి నడిపాడు. గేటు దగ్గర దిగి, ఆ పిల్ల కారు చుట్టూ తిరిగింది. మోకాలి మీద కూర్చుని లోపలికి తొంగి చూసింది. "దీంట్ల మనిషెట్ల పట్టిండు?" అంది. తర్వాత కాలి చెప్పు తీసి, ఆ పైపును కొట్టింది. మళ్లీ కొట్టింది. రబ్బరు చెప్పు, పెద్ద చప్పుడు కూడా రాలేదు. వాచ్‌మన్ నవ్వుతూ అడ్డం రాబోతే మీ తాత చెయ్యి ఎత్తి ఆపాడు.

"కొట్టనియ్యి," అన్నాడు. "దానికేమైతది?"

ఆ గొంతు నాకు తెలుసు బంగారూ. వెల్డింగ్ బాగా కుదిరిన రోజు ఇంటికొచ్చి మాట్లాడే గొంతు అది.

ఆ పిల్లకూ అర్థమైనట్టుంది. చెప్పు కింద వేసి కాలు దూర్చుకుంది.

"అవు మామా, దానికేం గాదు," అంది. "పోదాం పా పెద్దత్తా. ఆయనను మంచంల పక్కకు తిప్పే యాళ్లయింది."