చుట్టాల బిందెలో నీళ్ళు

పోయిన ఆదివారం మా తమ్ముడి కూతురు కిష్టారెడ్డిపేటలోని మా ఫ్లాటుకు వచ్చి, భోజనాల బల్ల మీద లాప్‌టాప్ తెరిచి, పీహెచ్‌డీ సీటుకూ దానితోపాటు వచ్చే ఫెలోషిప్పుకూ దరఖాస్తు నింపుతూ కూర్చుంది. ప్రజారోగ్యం మీద పరిశోధన చేస్తుందట. ఈ అంశాన్నే ఎందుకు ఎంచుకున్నారో వివరించండి అన్న గడి దగ్గర ఆగి, నువ్వు ఆ రోజుల్లో ఏం రాశావత్తా అని మామూలుగా అడిగింది. చిక్కుడుకాయలు తుంచుతున్నదాన్ని పళ్ళెం పక్కకు నెట్టేశాను. ముప్పై ఏళ్ళు దాటిన కోపం ఇంకా అంత వేడిగా ఉందని అప్పటిదాకా నాకే తెలియదు. వయసు పైబడితే మనసు మెత్తబడుతుందని నా ఈడువాళ్ళు అంటుంటారు. మీలో ఎవరికైనా అలా జరిగి ఉంటే సంతోషమే గానీ, నేను మాత్రం నాకు గైడుగా ఉంటానన్న ఆ సారును క్షమించలేదు, క్షమించే ఉద్దేశం కూడా లేదు.

మాది పాశమైలారం పక్కన చిన్న ఊరు. తొంభైల మొదట్లో, సంగారెడ్డిలో డిగ్రీ, పట్నంలో ఎం.ఏ. ముగించుకుని, ఒక మందుల కంపెనీలో పాకింగు సెక్షన్లో చేరి, రోజంతా గోళీల అట్టలు డబ్బాల్లో పెడుతూ, ఇది కాదు నేను చదివిన చదువు అని లోలోపల రగిలిపోతూ ఉండేదాన్ని. కంపెనీలు వదిలే మురుగుతో ఊళ్ళో బోరు నీళ్ళు అప్పటికే పాడయ్యాయి. వాటితో వండితే అన్నం పచ్చబడేది, పొద్దున వండింది సాయంత్రానికి పులిసేది. ఊరి పెద్దలు గొడవ చేయగా చేయగా కంపెనీలవాళ్ళు రోజు విడిచి రోజు ఒక టాంకరు పంపేవారు. ఇంటికి నాలుగు బిందెలు. రెండు వంటకూ పసిపిల్లలకూ పోగా, మిగిలిన రెండింటినీ ఆడవాళ్ళు గూటి పక్కన పెట్టి, పైన పళ్ళెం బోర్లించి, చుట్టాల కోసం దాచేవారు. తాము మాత్రం బోరు నీళ్ళే తాగేవారు. ఇంటికొచ్చిన మనిషికి బోరు నీళ్ళివ్వడమంటే మా ఊళ్ళో తల కొట్టేసినంత పని.

ఆ నీళ్ళ మీద, ఆ నీళ్ళు తాగే ఆడవాళ్ళ ఆరోగ్యం మీద పరిశోధన చేయాలని నాకు పట్టుదల పుట్టింది. ఫెలోషిప్ వస్తే పాకింగు పని మానేయవచ్చు, ఇంట్లో వచ్చిన సంబంధాలను రెండేళ్ళు ఆపవచ్చు, అన్నిటికంటే ముఖ్యంగా మా ఊరి గోడు ఒకసారి కాగితం మీదికి ఎక్కుతుంది. ఆదివారాలు మా పెద్దమ్మను, అంటే మా అమ్మ అక్కను, వెంటేసుకుని ఇల్లిల్లూ తిరిగాను. నేను పుస్తకాల్లో చదివినట్టు నేరుగా ఒంట్లో బాధల గురించి అడిగితే ఒక్కరూ నోరు విప్పలేదు. ముచ్చట పెట్టే పద్ధతి నాకు పెద్దమ్మ నేర్పింది. "ముందుగాల బర్రె సంగతి అడుగు బిడ్డా. పాలు ఎంతిస్తుంది, ఈనిందా, కడుపు ఈసుకపోయిందా అని. బర్రె గురించి చెప్పినంక ఆడామె తన గురించి తనే చెప్తది." నిజంగా అలాగే చెప్పారు. అందుకే నా ప్రశ్నల జాబితా బర్రెతో మొదలయ్యేది.

అలా నింపిన మూడు రూళ్ళ పుస్తకాలనూ, ప్రశ్నల జాబితానూ తీసుకెళ్ళి, నాకు గైడుగా ఉంటానని మాట ఇచ్చిన సారు చేతిలో పెట్టాను. చూసి ఇస్తానన్నారు. మళ్ళీ అడిగినప్పుడల్లా బీరువాలో ఉన్నాయనేవారు. ఇంటర్వ్యూలో ముగ్గురి మధ్య ఆయనే కూర్చుని, నా పరిశోధన గురించి ఒక్క ముక్క అడగకుండా, పెళ్ళయితే మధ్యలో మానేస్తావు గదమ్మా అని ఒకటి, ఊళ్ళు తిరగడానికి ఇంట్లో ఒప్పుకుంటారా అని ఒకటి అడిగి పంపించేశారు. నోటీసు బోర్డు మీద నా పేరు లేదు. ఉన్న ఒక్క పేరు సారు బావమరిది కొడుకుదని గుమస్తా చెప్పాడు. దాని ఎదురుగా రాసిన అంశం మాత్రం నాది. ఆ బోర్డు ముందు నిలబడి, పళ్ళు నూరుకుంటూ, నీ సంగతి చూడకపోతే నేను మా అమ్మ కూతురినే కాదని ఒట్టు పెట్టుకున్నాను.

నాలుగైదు నెలలకు ఆ అవకాశం జీపెక్కి మా ఊరికే వచ్చింది. సర్పంచి కబురు పంపాడు, పట్నం నుంచి ఒక సారు నీళ్ళ పరీక్షకు వచ్చాడు, చదువుకున్నదానివి, ఇళ్ళు చూపించు అని. వెళ్ళి పేరు అడిగితే ఆ బావమరిది కొడుకే. నేనెవరో అతనికి తెలియదు. అతని చేతిలో టైపు కొట్టించిన కాగితాల్లో మొదటి ప్రశ్న, ఇంట్లో బర్రె ఉందా, పాలు ఎంత ఇస్తుంది! ఆ కాగితాల వెనక మా పెద్దమ్మ ఉందని అతనికేం తెలుసు. మిగతా ప్రశ్నలు కూడా చదివి చూశాక నాకు లోపల సంతోషమేసింది. ఎందుకంటే పెద్దమ్మ చివర్లో చెప్పిన ఒక ప్రశ్న, చుట్టాలొస్తే ఏ నీళ్ళిస్తారు అనేది, పుస్తకాలు సారుకిచ్చిన తర్వాత నాకు అందింది. అది అతని కాగితాల్లో లేదు.

ఎండన పడి వచ్చిన మనిషి గడప ముందు నిలబడి, మీరు తాగే నీళ్ళు కొంచెం ఇవ్వండమ్మా అంటే మా ఆడవాళ్ళు ఏం చేస్తారు? లోపలికి పోయి, పళ్ళెం తీసి, చుట్టాల బిందెలో చెంబు ముంచి తెచ్చారు. అతను కొన్ని తాగి, మిగిలినవి సీసాలో పోసుకుని, చీటీ అంటించి తర్వాతి ఇంటికి నడిచేవాడు. ఊరంతా అదే వరస. మా పెద్దమ్మ అయితే అడుగున నలకలుంటాయేమోనని గుడ్డతో వడపోసి మరీ ఇచ్చింది. ఆ సీసాల పెట్టె పట్టుకుని అతని వెనకాలే నడుస్తూ, ఒక్క మాట కూడా అనకుండా, నేను లోపల పండగ చేసుకున్నాను. దొంగిలించినవాడు నవ్వుల పాలు కావాలి, అదీ పదిమందిలో కావాలి. అందుకోసం ఎన్నాళ్ళయినా ఆగగలననుకున్నాను.

ఏడు నెలలు ఆగాను. అతను తన ఫలితాలు చదివే సదస్సుకు సెలవు పెట్టి వెళ్ళి, ముందు వరసలో కూర్చున్నాను. ఆ ఊరి తాగునీటిలో ఆందోళన చెందాల్సిందేమీ లేదని అతను చదువుతుంటే సారు తల ఊపుతున్నారు. నేను లేచి, ఇంటికొచ్చిన మనిషికి ఇంట్లోవాళ్ళు తాము తాగే నీళ్ళే ఇస్తారని మీకెవరు చెప్పారు, మీరు పరీక్ష చేసింది బోరు నీళ్ళను కాదు, చుట్టాల కోసం దాచిన టాంకరు నీళ్ళను అని, ఆ బర్రె ప్రశ్న ఎవరి పుస్తకంలోదో కూడా కలిపి, నిదానంగా చెప్పాను. హాలంతా నవ్వారు. అతను కాగితాలు తిరగేశాడు. సారు కళ్ళద్దాలు తీసి తుడవడం మొదలుపెట్టి, మళ్ళీ పెట్టుకోవడం మరిచిపోయారు. ఆ ముఖం తలుచుకుంటే ఈ రోజుకీ నాకు కడుపు నిండుతుంది, అబద్ధం చెప్పను. పటాన్‌చెరులో బస్సు దిగి, మిర్చిబజ్జీలు కొనుక్కుని, అవి తింటూ నడిచే ఇంటికొచ్చాను.

పెద్దమ్మ ఖాళీ బిందె పక్కన పెట్టుకుని అరుగు మీద కూర్చుని ఉంది. ఆమెకు సదస్సు సంగతంతా అభినయించి చూపించాను. అంతా విని, "మంచిగైంది తియ్యి," అని, "టాంకరు రాక ఎనిమిది దినాలాయె బిడ్డా. పొద్దుగాల పోయి చీకటివడ్డంక వస్తుంటివి, నీకు చెప్తే పరేషాన్ అయితవని చెప్పలే. మన నీళ్ళు మంచిగనే ఉన్నయని పెద్ద చదువులోళ్ళు రాసిచ్చిన్రంట. కంపెనోళ్ళు గా కాయితం సర్పంచికి చూపెట్టి బందువెట్టిన్రు," అంది. సదస్సు కంటే ముందే ఆ నివేదిక కంపెనీలకు అందిందని నాకెలా తెలుస్తుంది. ఆమె నా ముఖంలోకి చూసి, కోపంగా కాదు, అర్థం కాక అడిగింది. "గా దినం ఆ పిలగాడు సీసలు నింపుతుంటే నువ్వు పక్కనే ఉంటివి గద. గీ నీళ్ళు గావు అని ఒక్క మాట ఎందుకు జెప్పకపోతివే?"

చేతిలో మిగిలిన బజ్జీలు అరుగు మీద పెట్టి సర్పంచి ఇంటికి నడిచాను. ఆ తర్వాత నేనూ సర్పంచీ ఎన్ని ఆఫీసులు తిరిగినా, వాళ్ళ కాగితానికి ముద్ర ఉంది, నా మాటకు లేదు. హాలులో నవ్విన పెద్దమనుషుల్లో ఒక్కరూ ఆ మాట కాగితం మీద రాసివ్వలేదు. నన్ను శిష్యురాలిగా తీసుకునే గైడూ దొరకలేదు. పైపు నీళ్ళు వచ్చేదాకా మూడు వేసవులు ఊరంతా బోరు నీళ్ళే తాగింది. పసిపిల్లలూ తాగారు, మా పెద్దమ్మా తాగింది. అన్నాళ్ళూ ఆమె ఆ ప్రశ్న మళ్ళీ అడగలేదు.

ఇప్పుడు ఆ ఊళ్ళో ఇంటింటికీ ఫిల్టరు నీళ్ళ డబ్బా వస్తుంది. చుట్టాలకొకటి, మనకొకటి అని విడిగా నీళ్ళు దాచే ఆడవాళ్ళు లేరు, దాచాల్సిన అవసరమూ లేదు. అది మంచిదే. కానీ తాము చెడ్డ నీళ్ళు తాగి, దారిన పోయే పరాయివాడికి మంచివి వడపోసి ఇచ్చిన ఆ చేతులు కూడా ఆ బిందెలతోపాటే పోయాయని అప్పుడప్పుడు దిగులేస్తుంది. సారు పోయారు. ఆయన బావమరిది కొడుకు ఎక్కడో పెద్ద ఉద్యోగం చేసి రిటైరయ్యాడట. సారును నేను క్షమించలేదని మొదట్లోనే చెప్పాను. వాళ్ళు దొంగిలించింది నా పుస్తకాలనే. సీసాల్లోకి చుట్టాల బిందె నీళ్ళు పోతుంటే తెలిసి తెలిసి నోరు మూసుకుని, ఆ సీసాల పెట్టె మోసింది మాత్రం నేను.