కంటికి గ్రీజు

కాలువ తలుపులు ఎత్తి దించే లస్కరుకి ఒకటే నియమం. ఇనుము అనేది కనిపిస్తే గ్రీజు పూయాలి. మరచుట్లకి, పళ్లచక్రాలకి, గొలుసులకి, చివరికి ఇంట్లో తలుపు బందులకి కూడా. “ఏదో ఒకరోజు నాకూ పూస్తావు” అనేది భార్య. “నీ నోటికి అక్కర్లేదులే, బాగానే తిరుగుతోంది” అనేవాడు ఆయన.

ఊరి బడిలో ఐదో తరగతితో చదువు ఆపి, తండ్రి వెనకాలే ఈ తలుపుల వంతెన ఎక్కినవాడు. జుట్టంతా నెరిసినా, తలుపు ఎత్తే చేతిచక్రం పట్టుకున్నాడంటే ఇద్దరు కుర్రాళ్ల పెట్టు.

ఆ మధ్య రాజధాని నుంచి మనుషులొచ్చి తలుపులకి మోటార్లు బిగించారు. నీళ్లకి పైన, వంతెన కమ్మీకి ఒక పట్టీతో తెల్ల డబ్బా వేలాడదీశారు. నీటిమట్టం చూసి ఎక్కడో దూరాన ఉన్న కంట్రోల్ రూముకి చెప్పే కన్ను అది. ఆ సంగతి వాళ్లు లస్కరుకి చెప్పలేదు. ఆయనా అడగలేదు, అడగడమంటే నామోషీ. పట్టీ ఇనుముదే కదా అని, వారం తిరిగేసరికి పట్టీతో పాటు డబ్బా అడుగున కూడా దట్టంగా గ్రీజు పట్టించి, చేతులు తుడుచుకుని వెళ్లిపోయాడు.

కన్ను మూసుకుపోయింది, కింద నీళ్లున్నట్టే దానికి తెలియలేదు. కంట్రోల్ రూములో కాలువ ఎండిపోతున్నట్టు కనిపించింది. అక్కడివాళ్లు మోటారు తిప్పి తలుపు ఎత్తారు. ఇంకా ఎత్తారు. మిట్టమధ్యాహ్నం భోజనానికి కూర్చున్న లస్కరు, నీళ్ల చప్పుడు మారడం విని కంచం వదిలి పరుగెత్తాడు. నీళ్లు కాలువ గట్టు అంచుదాకా వచ్చేశాయి. మోటారు కరెంటు తీసేసి, చేతిచక్రం తగిలించి, చెమటలు కక్కుతూ తలుపు దించాడు. గట్టు ఒకచోట కాస్త కోసుకుపోయింది గానీ తెగలేదు.

సాయంత్రానికి ఇంజనీరమ్మ జీపు దిగింది. చేతిలో కొత్త తాళం, ఇనుప గొలుసు. డబ్బా కింద వేలు పెట్టి చూసింది. వేలు నల్లగా వచ్చింది.

“ఇది మీ పనేనా తాతా?”

“నాదే. ఈ వంతెన మీద గ్రీజు ఎక్కడున్నా నాదే.”

“మీవల్ల గట్టు తెగేది.”

“నావల్లే. తెగకుండా ఆపిందీ నేనే. రెండూ రాసుకో.”

ఆవిడ నవ్వు ఆపుకుంది. “పైవాళ్లు చేతిచక్రానికి తాళం వేసి, మిమ్మల్ని ఇంటికి పంపించెయ్యమన్నారు. ఇకముందు దేశంలో కాలువలన్నీ ఒక్క గదిలోంచే నడుస్తాయి. వానలు మునుపటిలా లేవు. లెక్క లేకుండా నీళ్లు వదిలితే రేపటికి మిగలవు.”

“నడవనీ తల్లీ, నేనేం అడ్డుపడను. వరదొచ్చి ఆఫీసర్లంతా మేడలెక్కినప్పుడు నడుముకి తాడు కట్టుకుని ఈ తలుపు ఎత్తినవాణ్ణి, మోటారుకి బెదురుతానా? చివరి పొలానికి నీళ్లు రాలేదన్న మాట నా హయాంలో లేదు. మీ పాత ఇంజనీర్లు కాలువలో పడితే చొక్కా పట్టి లాగిందీ నేనే. ఒకాయనైతే రెండుసార్లు పడ్డాడు.”

“ఇప్పుడా సంగతెందుకు?”

“ఎందుకంటే, ఒక కన్ను తెచ్చి నా నెత్తిన పెట్టి, ఇది కన్ను అని నాకు చెప్పలేదు. చెప్పని తప్పు మీది, అడగని తప్పు నాది. ఇంతకాలం ఇనుము నేర్చుకున్నాను, ఇదీ నేర్పు. నేర్పకుండా మాత్రం చక్రం ఇవ్వను. తాళం వెయ్యాలంటే నా చేతిని కూడా కలిపి వెయ్యి.”

అని చక్రం పట్టుకుని కూర్చున్నాడు. భార్య గట్టు పక్కనున్న ఇంట్లోంచి స్టూలు తెచ్చి ఇంజనీరమ్మ పక్కన వేసింది. “కూర్చో అమ్మా. పంతం పట్టాడంటే ఆయనకి పొద్దు తెలీదు.”

ఇంజనీరమ్మ కూర్చోలేదు. గొలుసు కింద పడేసి, పొడిగుడ్డతో డబ్బా అడుగు శుభ్రంగా తుడిచి, ఫోనులో అది చెప్పే నీటిమట్టం అంకె చూపించింది. “ఇప్పుడు దీనికింద చెయ్యి పెట్టండి.”

పెట్టాడు. అంకె ఎగిరి గంతేసింది. తీశాడు, దిగింది. మళ్లీ పెట్టాడు.

“అంటే, నా చేతిని నీళ్లనుకుంటోంది.”

“అవును.”

“అయితే నాకంటే తెలివితక్కువదే. దీన్ని ఒంటరిగా వదలకూడదు.”

లేచి, నీటిమట్టం గీతలకి వేసే పెయింటు డబ్బా తెచ్చాడు. కమ్మీ మీద పెద్ద అక్షరాలతో రాశాడు: ‘ఇది కన్ను. గ్రీజు పూయరాదు.’ కింద చిన్నగా ‘లస్కరు’ అని పెట్టాడు.

“సర్కారు సొమ్ము మీద రాతలు రాయకూడదు తాతా.”

“రాశాను. పైవాళ్లకి చెప్పు. మిగతా తలుపుల దగ్గర కూడా నాలాంటివాళ్లున్నారు. వాళ్లందరికీ నేనే వెళ్లి చెప్తాను, అక్కడా రాస్తాను. ఆపేవాళ్లెవరో ముందు ఇక్కడికి రమ్మను, అందాకా చక్రం దగ్గరే ఉంటాను.”

ఆవిడ నాలుగడుగులు వెనక్కి వేసి ఆ రాత వంక చూసింది.

“లస్కరు అన్నది మరీ చిన్నదైపోయింది. దూరం నుంచి కనిపించదు.”

ఆయన మళ్లీ కుంచె ముంచాడు. కొత్త తాళం, దాని గొలుసు ఎలా వచ్చాయో అలాగే జీపెక్కాయి.