నా కట్ట నాకు ఇప్పించండి

మా చేను దర్శి రోడ్డుకు బాగా లోపలికి ఉంటుంది. మిరపకాయ బస్తాలు బయటికి రావాలంటే పక్క చేను అంచున ఉన్న బండిదారి ఒక్కటే దిక్కు. ఒక ఎండాకాలం ఆ చేనతను దాన్ని దున్నేసి, రాళ్లు పాతి, తొలకరికి పత్తి పెట్టాడు. ఆ దారి కోసం కోర్టుకు వెళ్లాను. అప్పటినుంచి మా కాయ కూలీల తలల మీదే రోడ్డెక్కుతోంది.

లాయరు మా ఊరివాడే, మా ఆయన స్నేహితుడి కొడుకు. నన్ను పిన్నీ అంటాడు. బిల్లు లేనిదే నేను విత్తనాల కొట్టు గడప దిగను. కోల్డ్ స్టోరేజీ రసీదులో తేదీ తప్పు పడితే దిద్దించేదాకా అక్కడే కూర్చుంటాను. ఆ దారి రాసి ఉన్న మా మామగారి నాటి అసలు దస్తావేజును మాత్రం ఇతని చేతిలో పెట్టి, ముట్టినట్టు చీటీ అడగలేదు. పిన్నీ అని పిలిచేవాణ్ణి చీటీ అడగడం మా వైపు లేదు.

ప్రతి వాయిదాకీ వెళ్లేదాన్ని. "నేను చూసుకుంటాగా పిన్నీ, ఎండన పడి ఎందుకొస్తావు?" అని కోర్టు హాలు బయట బెంచీ మీద కూర్చోబెట్టేవాడు. కాసేపటికి గుమస్తా వచ్చి కొత్త తేదీ చెప్పేవాడు. ఎందుకు వాయిదా పడిందయ్యా అంటే, "అవన్నీ మీకెందుకు మామ్మగారూ" అనేవాడు.

విసిగి ఇంకో లాయరు దగ్గరికి వెళ్లాను. ఆయన అంతా విని కొత్త వకాలత్తు కాగితం నా చేతికిచ్చాడు. "దీని మీద అభ్యంతరం లేదని పాత లాయరు గారు సంతకం పెట్టాలండి. అది లేకుండా మాలో ఎవరూ కేసు ముట్టుకోరు."

ఆ కాగితం మావాడి ముందు పెట్టాను.

"నా మీద నమ్మకం పోయిందా పిన్నీ? ఎవరు ఎక్కించారు నీకు ఇదంతా?"

"ఎవరూ ఎక్కించలేదు అబ్బాయ్. సంతకం పెట్టి నా కేసు కాగితాల కట్ట ఇవ్వు."

"ఫీజు సంగతి తేలాలి గదా."

"ఎంతో రాసివ్వు, కడతాను."

"పిన్ని దగ్గర రాతకోతలా?" అని నవ్వి కాఫీ తెప్పించాడు. కాఫీ తాగి వచ్చేశాను. సంతకం మాత్రం పెట్టలేదు.

ఇతను కేసు నడపడు, వదలడు. ఇతను వదలనిదే ఇంకొకరు పట్టుకోరు. రెండు పంటకాలాలు అలాగే గడిచిపోయాయి.

కోర్టు ఆవరణలోనే ఉచిత న్యాయ సహాయం గది ఉంది. ఒకరోజు నీడ కోసం వెళ్లి నిలబడితే, అక్కడున్న లాయరమ్మాయి సంగతేమిటని అడిగింది. చెప్పాను.

"ఆ సంతకం లాయర్ల మధ్య మర్యాదండి. ఆయన పెట్టకపోతే మీరే కోర్టును అడగొచ్చు. ఫీజు బాకీ ఉందని కట్ట పట్టుకుని కూర్చోవడానికి లేదు. కావాలంటే ఆయన దానికి వేరే దావా వేసుకుంటారు."

"ఇన్నాళ్లూ ఈ కేసు అతనిదే అనుకున్నానమ్మా" అన్నాను. ఆ అమ్మాయి నవ్వింది. అర్జీ రాసి, చదివి వినిపించి, ఆ తరవాతే నాతో సంతకం పెట్టించింది.

అది పిలుపుకొచ్చిన రోజు నేను బెంచీ మీద కూర్చోలేదు. హాల్లో వెనక గోడకు ఆనుకుని నిలబడ్డాను. మావాడు లేచి, "పార్టీ రాలేదండి, వాయిదా ఇప్పించండి" అన్నాడు.

"వచ్చానండి" అన్నాను.

అతను వెనక్కి తిరిగి, "పిన్నీ, నువ్వు బయట కూర్చో" అన్నాడు.

"ఆమెను చెప్పనివ్వండి" అన్నారు జడ్జి గారు.

"లాయరును మార్చుకుంటానండి. నా కట్ట నాకు ఇప్పించండి."

జడ్జి గారు ఒప్పుకుని, కాగితాలన్నీ ఆ సాయంత్రంలోగా ఇచ్చేయమన్నారు.

సాయంత్రం అతని ఆఫీసులో దస్తావేజు ప్రతి పేజీ తిప్పి చూసుకున్నాను. అన్నీ ఉన్నాయి. అతను నా ముందు ఒక కాగితం పెట్టి, "ముట్టినట్టు రాసి సంతకం చేయండి" అన్నాడు. పిన్నీ అనలేదు. రాసి, తేదీ వేసి ఇచ్చాను.

కేసు ఇప్పుడు ఆ అమ్మాయి చూస్తోంది. వాయిదా ఎందుకు పడిందో ప్రతిసారీ ఫోను చేసి చెబుతుంది. రాళ్లు మాత్రం పాతినచోటే ఉన్నాయి. ఈ ఏడు కాయకు కూడా మోత కూలీలను మాట్లాడి పెట్టాను.