తెలుగు వినబడని నలభై నిమిషాలు

రెండు మాటల పుణ్యమా అని నాకు ఒక ఏడాది పోయింది. మొదటిసారి టీచర్ ట్రైనింగు ప్రాక్టికల్ పరీక్షలో ఇంగ్లీషు పాఠం చెబుతుంటే ముందు వరసలో ఒకడి పలక జారి పడబోయింది. "ఒరే, నిదానం!" అన్నాను. వెనక కుర్చీలో కూర్చున్న పరీక్షాధికారి పెన్సిలు కదిలింది. పాఠం మధ్యలో మాతృభాష వాడాడని రాసి నన్ను తప్పించాడు. పలక మాత్రం పగల్లేదు.

అది యాభైల చివర. అప్పట్లో ఫస్టు ఫారంలో, అంటే ఆరో తరగతిలో, ఇంగ్లీషు మొదలయ్యేది. ట్రైనింగు స్కూల్లో మాకు నూరిపోసిన సూత్రం ఒక్కటే: ఇంగ్లీషు పీరియడ్లో తెలుగు నీడ కూడా పడకూడదు. వస్తువు చూపించు, పని చేసి చూపించు, మాట చెప్పు, అంతే. ఈ సూత్రాన్ని మా మాస్టారు మాకు నెల రోజులపాటు తెలుగులోనే వివరించారు. నవ్వొచ్చేది గానీ ఎవరు నవ్వుతారు?

రెండోసారి కూడా తప్పితే నా టెంపరరీ ఉద్యోగం ఊడుతుందని కాగితం వచ్చింది. శింగనమల దగ్గర మా ఊళ్లో నాయన ఆ కాగితం నాచేత చదివించుకుని, "ఇంగ్లీసోడు పొయ్యి ఇన్నేండ్లాయ కదప్పా, నీకింకా యాడి బయం?" అన్నాడు. ఆయనకేం, అంటాడు. నాకా భాష బెత్తం దెబ్బలతో వచ్చింది. అందులో చదివాను, రాశాను, పాసయ్యాను. ఆకలేసినప్పుడు గానీ జ్వరమొచ్చినప్పుడు గానీ అందులో ఒక్క మాటా నా నోట రాలేదు. అలాంటి భాషను పిల్లలకు ఆటపాటలతో నేర్పాలట.

రెండో విడత నన్ను మడకశిర పక్కన ఒక ఊరి బడిలో వేశారు. బండల గోడలు, బండల కప్పు. వానల్లేక చెరువులో మట్టి బీటలు తీసింది గానీ బడికి మాత్రం పిల్లలు బాగానే వచ్చేవాళ్లు. సగం మంది ఇళ్లలో కన్నడం. వాళ్లకు తెలుగే బడిలో నేర్చుకున్న భాష. వాళ్లలో గొర్రెలు మేపుకునేవాళ్ల పిల్ల ఒకతె అందరికంటే ముందు ఇంగ్లీషు పట్టుకుంది. అప్పటికే ఒక పరాయి భాషను దాటొచ్చిన పిల్ల కదా, ఇంకోదానికి జంకలేదు. తెలియని మాట వినబడితే మిగతావాళ్లు నా నోటికేసి చూసేవాళ్లు. ఆ పిల్ల నా చేతులకేసి చూసేది. భాష ఎలా వస్తుందో ఆ పిల్లను చూసి తెలుసుకున్నంతగా నేను ట్రైనింగులో తెలుసుకోలేదు.

మూడు వారాల్లో వాళ్లకు లేవడం, కూర్చోవడం, వాకిలి దాకా పోయి రావడం నేర్పాను. తల, చెయ్యి, కాలు చూపించి ఇది నా తల, ఇది నా చెయ్యి అని ఇంగ్లీషులో చెప్పడం నేర్పాను. అంతకుమించి వాళ్ల దగ్గర ఇంగ్లీషు లేదు.

పరీక్షకు ముందురోజు తలుపు దగ్గరికి వేసి, చేతులు జోడించినంత పని చేశాను. "రేపు తెలుగు ఒక్క మాట వినబడినా నా ఉద్యోగం పోతాది. కన్నడం కూడా వద్దు. ఏం జరిగినా సరే, వస్తే ఇంగ్లీషు, రాకపోతే నోరు మూసుకునేది."

ఒక గడుగ్గాయి లేచి, "ఉచ్చకొస్తే ఏం జేసేది సార్?" అన్నాడు.

"పట్టుకో."

అందరూ నవ్వారు, నేనూ నవ్వాను. గది శుభ్రంగా కనబడాలని మూలన ఏళ్లుగా పేర్చి ఉన్న పాత బండలు తీయించి బయట వేయించాను. చురుకైన పిల్లలను ముందుకు జరిపి ఆ మూల కూర్చోబెట్టాను.

మర్నాడు పరీక్షాధికారి రావలసిన బస్సు ఆలస్యమైంది. అది వచ్చేదాకా నా చొక్కా రెండుసార్లు తడిసి ఆరింది. దిగినాయన పోయినేడు నన్ను తప్పించినాయనే. భుజం మీద కండువా, చేతిలో గొడుగు. నన్ను గుర్తుపట్టాడో లేదో తెలియలేదు. వెనక కుర్చీలో కూర్చుని పుస్తకం తెరిచాడు.

పాఠం బాగా సాగింది. లేవమంటే లేచారు, రమ్మంటే వచ్చారు. నా గుండె కొంచెం కుదుటపడింది. ఇక నా తురుపు ముక్కను తీద్దామని ఆ గొర్రెలవాళ్ల పిల్లను ఇంగ్లీషులో దగ్గరికి రమ్మన్నాను. లేవలేదు. మళ్లీ పిలిచాను. ఉలిక్కిపడినట్టు ఒక్కసారి ఒళ్లు ముడుచుకుంది, అంతే. పెదవులు బిగపట్టుకుని నాకేసి చూస్తోంది. పక్కనున్న పిల్ల పలక ఒళ్లో పెట్టుకుని అవతలికి జరిగింది. ఏదో కొట్లాడుకుంటున్నారనుకున్నాను. ఇప్పుడా మీ కొట్లాట అని ఒళ్లు మండింది. ఇంకొకణ్ని పిలిచి ఆ పని చేయించాను.

అప్పుడా పిల్ల చెయ్యెత్తింది.

నోరు తెరిస్తే ఏ భాష వస్తుందో! తెరవొద్దు అన్నట్టు ఉరిమి చూశాను. ఆ చూపును ఆ పిల్ల అర్థం చేసుకుంది. గోడ పట్టుకుని ఒంటికాలి మీద లేచి నిలబడింది. కళ్లలో నీళ్లు. ఒక్కొక్క మాటే వెతుక్కుంటూ, "దిస్... ఈజ్... మై ఫుట్," అంది.

తప్పు లేని వాక్యం. "వెరీ గుడ్. సిట్ డౌన్," అన్నాను.

వెనక పెన్సిలు కదిలింది. ఆ పిల్ల కూర్చుంది. నేను ఇంకో పావుగంట పాఠం చెప్పాను.

గంట కొట్టారు. పరీక్షాధికారి వరండాలోకి వెళ్లాడో లేదో పక్క పిల్ల గొంతు చించుకుని అరిచింది. "తేలు సార్! దీన్ని తేలు కుట్టె సార్!" గదిలో తెలుగు, కన్నడం ఒక్కసారి చెలరేగాయి. కూర్చునే పీట ఎత్తితే కింద ఎర్రతేలు. మా నేలలో నల్లదానికంటే అదే చెడ్డది. ఎవరో పలకతో కొట్టి చంపారు.

పిల్లను ఎత్తుకుని బయటికి పరిగెత్తాను. ఒళ్లంతా చెమట, చేతులు చల్లగా ఉన్నాయి. పరీక్షాధికారి గొడుగు కింద పడేసి ఎదురొచ్చాడు. నాకు ఆయన నోట తెలుగు వినబడడం అదే మొదలు. "కిందికి దించప్పా, కాలు కట్టల్ల," అంటూ కండువా తీసి పిల్ల మోకాలి కింద బిగించాడు. "ఎప్పుడు కుట్టిందమ్మా?"

ఆ పిల్ల పళ్లు బిగబట్టి చెప్పింది. "సారు వెరీగుడ్ అనినాడు సూడు, దానికి ముందరే."

ముడి వేస్తున్న ఆయన చెయ్యి ఆగింది. ఆయన నా ముఖంలోకి చూడలేదు, నేనూ ఆయన ముఖంలోకి చూడలేదు. ఆయనొచ్చిన బస్సు తిరిగి వస్తుంటే ఆపి, అందులోనే పిల్లను మడకశిర ఆసుపత్రికి తీసుకుపోయాం.

పిల్ల బతికింది. వారం తర్వాత నా ఫలితం వచ్చింది. పాస్. పిల్లలు మాతృభాష జోలికి పోకుండా జవాబులిస్తున్నారని, క్రమశిక్షణ మెచ్చదగిందని కింద ఆయన చేతిరాత. అంతా తెలిసీ ఆ కాగితం చించకుండా పంపినందుకు ఆయన మీద నాకు చాలా ఏళ్లు కోపం ఉండేది. మరి నేనేం చేశాను? ఆ కాగితాన్ని రెండు చేతులా అందుకున్నాను. సంతోషించాను కూడా, అబద్ధమెందుకు. సిగ్గు తర్వాతెప్పుడో వచ్చింది, వచ్చింది మళ్లీ పోలేదు.

పన్నెండో రోజున ఆ పిల్ల కుంటుకుంటూ బడికొచ్చింది. ఇంగ్లీషు పీరియడే. నేను పుస్తకం మూసేసి, దగ్గరికి పోయి చతికిలబడి, "కాలు ఎట్లుండాది పాపా?" అని అడిగాను.

ఆ పిల్ల తల తిప్పి వాకిలి వైపు చూసింది. బయట ఎవరైనా ఉన్నారేమోనని మెడ సాచి మరీ చూసుకుంది. ఎవరూ లేరని రూఢి అయ్యాక, నా చెవి దగ్గరికి నోరు తెచ్చి, ఇంకా నొప్పిగానే ఉందని తన కన్నడంలో గుసగుసగా చెప్పింది.

"ఇన్నూ నోవైతె సార్."