నీళ్ళు నిలవని కుండీ

మా ఆఫీసులో ఆవిణ్ణి అందరం నీళ్ళక్క అంటాం. మూడంతస్తుల్లో ముప్పై రెండు మొక్కలు, పదకొండేళ్ళుగా అన్నిటికీ ఆవిడే నీళ్ళు పోస్తోంది. లిఫ్టులో బకెట్లు ఎక్కించకూడదని ఆర్డరు, అందుకని మెట్ల మీదుగానే మోస్తుంది. మా క్యాషియరు తాగగా మిగిలిన టీ మొక్కలో ఒంపేస్తాడు. "టీ అలవాటు చేస్తే రేపు బిస్కెట్లూ అడుగుతుంది సార్" అంటుంది, అంతే. ఆ జీతం మీదే తనూ, మంచాన పడ్డ అత్తగారూ బతకాలి. ఇదంతా తెలిసి కూడా ఆవిడ మీద ఫిర్యాదు రాసింది నేనే.

ఏం చెయ్యమంటారు, నా కోపం అలాంటిది. నా సీటు పక్క మొక్క ఆకులు పండిపోయి రోజుకో నాలుగు రాలుతుంటే ఒళ్ళు మండింది. నీళ్ళు ఎగ్గొడుతోందని రాసిచ్చేశాను. మేనేజరు ఇద్దర్నీ గదిలోకి పిలిచి, "సోమవారం నుంచి రానక్కర్లేదమ్మా" అన్నారు ఆవిడతో.

నీళ్ళక్క ఏడవలేదు, బతిమాలలేదు. చరచరా బయటికెళ్ళి నా సీటు పక్క కుండీని ఎత్తుకొచ్చి, ఆయన బల్ల మీద పాత పేపరు పరిచి పెట్టింది. చెంబుడు నీళ్ళు పోసింది. పోసినవి పోసినట్టే అడుగు నుంచి కారి ఫైళ్ళ కిందకి చేరాయి. ఆయన గబుక్కున కుర్చీ వెనక్కి జరుపుకున్నారు.

కుండీని పక్కకి వంచి, చుట్టూ అరచేత్తో చరిచి, మొక్కని లాగింది. గుప్పెడు మట్టి కూడా లేదు. అన్నీ వేళ్ళే, ఒకదాన్నొకటి చుట్టుకుని కుండీ ఆకారంలోనే గట్టిపడిపోయాయి.

"నీళ్ళు ఆగడానికి మట్టేది సార్? అన్నీ ఇలాగే ఉన్నాయి. పెద్ద కుండీలైనా కావాలి, లేదంటే ఈ వేళ్ళు కాస్త కత్తిరించి కొత్త మట్టయినా వెయ్యాలి."

ఇంత పని తెలిసిన మనిషి రోజూ నా పక్క నుంచే బకెట్టు మోసుకుంటూ వెళ్ళేది. నాకు తలెత్తబుద్ధి కాలేదు.

"మరి ఇన్నాళ్ళూ చెప్పలేదేం?" అన్నారు మేనేజరు.

"చెప్పాను సార్, మీకే. కాగితం మీద రాసిమ్మన్నారు. నాకు రాయడం రాదు."

"ఎవర్నైనా అడిగి రాయించుకోవచ్చుగా?"

ఆవిడ నా వైపు చూడను కూడా చూడలేదు. "అడగాల్సింది సార్, నాదే తప్పు" అంది.

అడిగింది. రెండుసార్లు నా సీటు దగ్గర నిలబడి నన్నే అడిగింది. దేని గురించో కూడా కనుక్కోకుండా రేపు చూద్దాంలే అన్నాను. ఫిర్యాదు మాత్రం పది నిమిషాల్లో రాసేశాను.

"అడిగింది సార్" అన్నాను లేచి నిలబడి. "నన్నే అడిగింది."