కేలెండరు మీద కాటుక చుక్క

కుదురుగా కూర్చోలేని పిల్లనని చిన్నప్పుడు రాజమండ్రిలో డాక్టరుగారు నాకు మాత్రలు రాశారు. రోజూ ఎలా ఉంటున్నానో గమనించమన్నారు. అమ్మ సాయంత్రం పక్కింటావిణ్ణీ, బళ్ళో మాస్టారినీ అడిగి, నేను అల్లరి చేసిన రోజుకి కేలెండరు మీద కాటుక చుక్క, చేయని రోజుకి కుంకుమ చుక్క పెట్టేది. అన్నం సయించడం లేదనీ, గుండె దడదడలాడుతోందనీ చెప్పబోతే, "నోర్మూసుకుని కూర్చోవే, లేకపోతే ఇవాళా కాటుకే" అనేది. ఒళ్ళు నాది, మింగేది నేను, అడిగేది మాత్రం ఊరందర్నీ! తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది.

ఒకసారి జ్వరమొచ్చి వారం రోజులు మంచం దిగలేకపోయాను. ఆ వారమంతా కుంకుమే. జ్వరం సంగతి అమ్మ చెప్పలేదు, డాక్టరుగారు అడగలేదు. కేలెండరు చూసి మురిసిపోయారు.

"మందు బ్రహ్మాండంగా పనిచేస్తోందమ్మా!"