మంట పెట్టనివ్వని చోట ముసుందు

ఒమాన్‌లోని సోహార్‌లో కంపెనీ క్యాంపు వెనకవాడలో పెళ్లి జరుగుతుందంటే భూమేశ్‌కు రూమ్‌లో కాలు నిలవదు. జగిత్యాల పక్క ఊళ్లో చిన్నప్పటి నుంచీ డప్పు కాచిన చేతులవి. ఇక్కడ ఆ వాడలో ఉండే జుమా చాచా పెళ్లిళ్లలో వాయించే నిలువెత్తు డోలు పేరు ముసుందు. చాచా ముత్తాతలు ఆఫ్రికా తీరం నుంచి ఓడలో తెచ్చుకున్నది. డప్పుకూ దానికీ ఒకటే గుణం. తేమకు తోలు వదులవుతుంది, మంట చూపిస్తే బిగుస్తుంది. డోలు కాచే ఖర్జూర మట్టల మంట దగ్గర కూర్చునే పని మెల్లగా భూమేశ్‌దయింది.

"పొద్దంత ఎండల మాడింది సాల్లేదారా? మల్ల అగ్గికాడ కూసుంటవ్" అనేవాడు రూమ్‌లో తోడుండే మల్లేశం.

"నువ్వు పేకాడుతవ్, నేను తోలు కాస్త. ఎవని పిచ్చి వానిది."

2008 చలికాలంలో చాచా బృందానికి మస్కట్ నుంచి పిలుపొచ్చింది. అక్కడి హాల్లో మెప్పిస్తే విదేశంలో పెద్ద వేదిక. చాచా మాత్రం మొహం వేలాడేసుకుని వచ్చాడు. ఇద్దరూ మాట్లాడుకునేది వచ్చీరాని హిందీలో.

"లోపల అగ్గిపుల్ల కూడా గీయొద్దట, భూమీ. తోలు తీసి ప్లాస్టిక్ బిగించుకోమంటున్నారు."

"ప్లాస్టిక్‌దైతే బకెట్ చాలు చాచా, డోలెందుకు?"

బయట కాచి లోపలికి మోసుకెళ్తే వంతు వచ్చేలోపు చల్లారి తోలు వదులైపోతుంది. భూమేశ్ ఆలోచన సైట్‌లోని హాలోజన్ లైటు మీదికి పోయింది. దాని ముందు నిలబడితే చొక్కా కాలినంత పనవుతుంది, మంట మాత్రం ఉండదు. ఫోర్‌మన్‌ను బతిమాలి ఒకటి తెచ్చి, తొందరలో మరీ దగ్గరగా పెట్టాడు. తోలు టప్పున చిట్లింది.

"అయిపాయె. ఇగ బకెట్టే కొట్టుండ్రి" అన్నాడు మల్లేశం.

చాచా చిట్లిన తోలు ఊడదీసి పక్కన పెట్టాడు.  భూమేశ్ కొత్త మేకతోలు నానబెట్టి, బిగించి, నీడన ఆరబెట్టాడు. ఈసారి లైటు మూరెడు వెనక్కి జరిపి, డోలు తిప్పుతూ, చెయ్యి ఆనించి చూస్తూ పోయాడు. మోత కుదిరేదాకా లేవలేదు.

మస్కట్‌లో తెర పక్కన లైటు పట్టుకుని నిలబడ్డది అతనే. చాచా మొదటి దెబ్బకే ముందు వరుసలో గుసగుసలు ఆగిపోయాయి. బృందం ఎంపికైంది.

భూమేశ్‌కు మాత్రం కంపెనీ లీవు ఇవ్వలేదు. ప్రయాణానికి ముందు రోజు సాయంత్రం అతను చాచా చేతిని లైటు ముందు కాగుతున్న తోలు మీద పెట్టించాడు.

"అరచెయ్యి కాదు చాచా, చేతి వెనక వైపు ఆనించు. జ్వరమొచ్చిన చంటిబిడ్డ నుదురంత వేడి. అంతకు మించనియ్యకు. మళ్లీ చూడు."

చాచా మళ్లీ చూశాడు.

"ఇంకోసారి" అన్నాడు భూమేశ్.